ఐబ్, బెన్, గిమ్: ఆర్మేనియన్ల గురించి పిల్లలకు ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

మనం ఓనమాలు దిద్దినట్టే పడమటి ఆసియాలోని ఆర్మేనియా అనే దేశపు పిల్లలు ‘ఐబూబెన్’ దిద్దుతారు. ఐబ్, బెన్ మొదటి రెండు అక్షరాలు. ఆ రెండూ కలిసి వర్ణమాలకే పేరయ్యాయి. ఆ జనం తమను ‘హాయ్’ అనీ, దేశాన్ని ‘హయాస్తాన్’ అనీ చెప్పుకుంటారు. వాళ్ల చరిత్ర రెండున్నర వేల ఏళ్లకు పైబడినది. రాజుల పట్టికతో మొదలుపెట్టను. అక్షరాలు పట్టుకుని వెళ్తేనే ఆ జనం ఎలా నిలిచారో తెలుస్తుంది.

నాలుగో శతాబ్దం మొదట్లోనే వాళ్ల రాజు క్రైస్తవాన్ని రాజ్యమతం చేశాడు. 387లో రోమ్, పర్షియా ఆ దేశాన్ని పంచుకున్నాయి. చర్చిలో చదివేది గ్రీకు, సిరియాక్ భాషల్లో. వినేవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. మెస్రోప్ మష్తోత్స్ అనే సన్యాసి, ఒక సిరియా బిషప్పు దగ్గరున్న లిపిని తెప్పించి ముందుగా పిల్లలకు నేర్పి చూశాడు. కొన్నాళ్లకే లోపం బయటపడింది: వాళ్ల భాషలోని ధ్వనులన్నిటికీ ఆ అక్షరాలు చాలవు. అప్పుడు, 405 ప్రాంతంలో, 36 అక్షరాలు కొత్తగా కూర్చాడు. మనకు ప, ఫ, బ వేరువేరుగా ఉన్నట్టే అక్కడా ఆ మూడిటికీ మూడు అక్షరాలు.

ఇంకో విశేషం చూడండి. అవే అక్షరాలు అంకెలు కూడా. తొమ్మిదేసి చొప్పున నాలుగు వరసలు వేసుకోండి. మొదటి వరస 1 నుంచి 9, రెండోది 10 నుంచి 90, మూడోది 100 నుంచి 900, నాలుగోది 1000 నుంచి 9000. సంగీతం నేర్చుకునేవాళ్లకు మేళకర్తల పేర్లలోని కటపయాది (అక్షరాలతో అంకెలు చెప్పే పద్ధతి) గుర్తొస్తుంది. అక్షరం చోటు మారితే లెక్క తప్పుతుంది కనుక వరస చెదరలేదు. తర్వాతి కాలంలో వచ్చిన రెండు అక్షరాలను చివర చేర్చారు.

పాత రాయి మీద ‘ర, మెన్, ఖె, గిమ్’ అని ఉందనుకోండి. 1000, 200, 40, 3 కలిపితే 1243. వాళ్ల శకం 552లో మొదలైంది కాబట్టి 551 కలపండి. 1794 వస్తుంది. అయితే ఆ పాత పంచాంగంలో ఏడాదికి సరిగ్గా 365 రోజులే, లీపు దినం లేదు. నాలుగేళ్లకో రోజు చొప్పున ఉగాది వెనక్కి జరుగుతుంది. అందుకే తేదీ తెలియకపోతే ఒక ఏడాది తేడా రావచ్చు.

428లో రాజరికం పోయింది. తర్వాత ‘ఆని’ అనే నగరంలో ఒకసారి, మధ్యధరా తీరపు సిలీసియాలో ఇంకోసారి సొంత రాజ్యాలు లేచాయి. 1375తో అదీ అయిపోయింది. 1604లో పర్షియా షా అబ్బాస్ జుల్ఫా పట్టణాన్ని ఖాళీ చేయించి, అక్కడి వర్తకులను ఇస్ఫహాన్ పక్కకు తరలించాడు. ఆ వర్తకులే అద్దకం బట్టల కోసం మన మచిలీపట్నానికీ, ఆపైన మద్రాసుకూ వచ్చారు. షహామీర్ షహామీర్యాన్ 1772లో మద్రాసులో అచ్చుకూటం పెట్టాడు. రాజ్యమే లేని తన జనానికి రాజ్యాంగ ముసాయిదా అక్కడే అచ్చయింది! ఆర్మేనియన్ భాషలో తొలి పత్రిక ‘అజ్దరార్’ కూడా 1794లో మద్రాసులోనే పుట్టింది. దాన్ని నడిపిన ఫాదర్ హరుత్యున్ ష్మవోన్యాన్ సమాధి చెన్నై ఆర్మేనియన్ స్ట్రీట్ చర్చి ఆవరణలో ఉంది. వెళ్తే అక్కడి రాళ్ల మీది అక్షరాలను మీ నోటుబుక్కులో దించుకోండి.

ఇక చెప్పడానికి కష్టమైన మాట. 1915లో ఒట్టోమన్ (టర్కీ సామ్రాజ్య) ప్రభుత్వం ఆర్మేనియన్లను ఊళ్లకు ఊళ్లే వెళ్లగొట్టి సిరియా ఎడారి వైపు నడిపించింది. నరికి చంపినవాళ్లు, ఆకలిదప్పులతో దారిలో రాలినవాళ్లు కలిపి పది లక్షలకు పైనే అని చాలామంది చరిత్రకారుల లెక్క. అది జాతిహననం, మెత్తని మాట వాడకూడదు.

అప్పుడు ముష్ అనే ఊరి దగ్గరి మఠంలో ఒక పెద్ద చేతిరాత గ్రంథం ఉండేది. 1200 ప్రాంతంలో తోలు పుటల మీద రాసినది, బరువు దాదాపు 28 కిలోలు. ఇద్దరు ఆడవాళ్లు దాన్ని మోయలేక రెండు ముక్కలు చేసి చెరొకటి ఎత్తుకున్నారంటారు. ఒక సగం ఆర్మేనియన్ చర్చి ప్రధాన పీఠమైన ఎచ్మియాజిన్ చేరింది. రెండోది ఎర్జురుం అనే ఊళ్లో పాతిపెట్టగా తర్వాత దొరికింది. ఇప్పుడు రెండు సగాలూ ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో, పాత చేతిరాత గ్రంథాల భాండాగారమైన మతెనదరాన్‌లో ఒక్కచోట ఉన్నాయి. అంతకుముందే విడిపోయిన కొన్ని పుటలు మాత్రం ఇంకా వెనిస్‌లోనే ఉన్నాయి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య