ల్యాబులో అడుగుపెట్టబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

త్వరలో మీరు ల్యాబులో పని మొదలుపెట్టబోతున్నారు. గోడ మీది నియమాలను వల్లె వేయడం ఎవరికైనా వస్తుంది. ఆ నియమం ఎందుకు పుట్టిందో తెలిసినవాళ్లు మాత్రమే రద్దీలో కూడా దాన్ని వదలరు. అందుకే కారణాలతో సహా రాస్తున్నాను.

రక్తం తీసేముందు "మీరు ఫలానావారేనా?" అని అడగకండి. నీరసంగా ఉన్నవాళ్లు, సరిగా వినబడనివాళ్లు దేనికైనా తలూపుతారు. పేరు వాళ్ల నోటితోనే చెప్పించి, పుట్టిన తేదీనో రిజిస్ట్రేషన్ నంబరునో కూడా కాగితంతో సరిచూడండి. రక్తం తీశాక, అక్కడ నుంచి కదలకముందే ట్యూబుకు లేబుల్ అంటించండి. ఖాళీ ట్యూబుల మీద ముందే పేర్లు రాసి పెట్టుకుంటే ఒకరి పేరున్న ట్యూబులోకి ఇంకొకరి రక్తం చేరుతుంది. అది బ్లడ్ గ్రూపు శాంపిల్ అయితే ప్రాణమే పోవచ్చు.

రక్తం తీసేటప్పుడు చేతికి బిగించే పట్టీని, అంటే టర్నికెట్‌ను, ఒక నిమిషానికి మించి ఉంచకూడదు.

ట్యూబుల వరుస దగ్గర కాస్త ఆగుదాం. ఇక్కడ జరిగే తప్పు కంటికి కనబడదు. తప్పుడు అంకె కూడా అచ్చం సరైన అంకెలాగే ఉంటుంది. రక్తం నింపాల్సిన వరుస ఇది: క్రిములను పెంచి చూసే కల్చర్ సీసాలు ముందు, తర్వాత లేత నీలం మూత, ఆపైన ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, ఊదా, చివర బూడిద రంగు. ఊదా మూత ట్యూబులో పొటాషియం ఈడీటీఏ ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టేసుకుని రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అందులోది కొంచెం ఎర్ర మూత ట్యూబులోకి చేరినా పొటాషియం పెరిగినట్టు, కాల్షియం తగ్గినట్టు రిపోర్టు వస్తుంది. ఎర్ర మూత ట్యూబు సగమే నిండిందని ఊదా ట్యూబులోని రక్తాన్ని అందులో పోస్తే చెప్పనే అక్కర్లేదు. అప్పుడు డాక్టరు లేని జబ్బుకు మందిస్తారు. నిజంగా పొటాషియం తక్కువున్న మనిషి రిపోర్టు మామూలుగా కనబడటం ఇంకా ప్రమాదం.

లేత నీలం ట్యూబులో రక్తాన్ని గడ్డకట్టనివ్వని సిట్రేట్ ద్రావణం ఉంటుంది. ఒక వంతు సిట్రేట్‌కు తొమ్మిది వంతుల రక్తం పడాలి. గీత దాకా నిండకపోతే సిట్రేట్ ఎక్కువై, రక్తం ఆలస్యంగా గడ్డకడుతున్నట్టు చూపిస్తుంది. అలాంటి ట్యూబును పక్కనపెట్టి మళ్లీ తీయాల్సిందే. నీలం ట్యూబును మూడు నాలుగు సార్లు, ఊదా ట్యూబును ఎనిమిది నుంచి పది సార్లు మెల్లగా తలకిందులు చేయండి. గట్టిగా కుదిపితే ఎర్రకణాలు పగిలి, వాటిలోని పొటాషియం బయటికొస్తుంది.

రోజూ పేషెంట్ల శాంపిళ్లకంటే ముందు కంట్రోల్, అంటే విలువ ముందే తెలిసిన శాంపిల్, నడపాలి. అది హద్దు దాటితే, సరిపోయేదాకా మళ్లీ మళ్లీ నడిపి ఊరుకోవడం నా దృష్టిలో మోసమే. కారణం వెతకండి. అంతవరకూ రిపోర్టులు బయటికి వెళ్లకూడదు.

ట్యూబులను వేగంగా గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో ట్యూబుకు ఎదురుగా సమాన బరువున్న ట్యూబు ఉండాలి. లోపల ట్యూబు పగిలిన చప్పుడు వినిపిస్తే మిషన్ ఆపి, 30 నిమిషాల దాకా మూత తీయకండి. లోపల లేచిన సన్నని తుంపరలు అణగడానికి ఆ సమయం కావాలి.

హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. రక్తం ఒలికితే గ్లౌజులు వేసుకుని, పీల్చుకునే కాగితం కప్పి, అంచుల నుంచి మధ్యకు బ్లీచ్ ద్రావణం పోయండి. 5 శాతం బ్లీచ్ ఒక వంతుకు నీళ్లు తొమ్మిది వంతులు. ఏ రోజుకారోజు కలుపుకోవాలి, నిలవుంటే బలం తగ్గుతుంది. పది నిమిషాలు ఆగి తుడవండి. బ్లీచ్‌లో యాసిడ్ మాత్రం కలపకండి, విషవాయువు పుడుతుంది.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకండి. నేరుగా షార్ప్స్ డబ్బాలో, అంటే పదునైనవి పడేసే డబ్బాలో, వేయండి, అది ముప్పాతిక నిండగానే మార్చండి. సూది గుచ్చుకుంటే పిండకుండా సబ్బు, నీళ్లతో కడిగి వెంటనే పైవాళ్లకు చెప్పండి. సిగ్గుతో దాచారో, విలువైన సమయం పోతుంది. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైతే కొన్ని గంటల్లోనే మొదలవ్వాలి. 72 గంటలు దాటాక ఇవ్వరు. హెపటైటిస్ బి టీకా సాధారణంగా మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. ల్యాబులో చేరకముందే మొదలుపెట్టండి. ఆఖరి డోసు అయిన ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకుని, ఆ కాగితం జాగ్రత్తగా దాచుకోండి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ