సంతాపం చెప్పిన తరువాత మిగిలిన పని: కాశీబుగ్గ తొక్కిసలాట నేపథ్యం

శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలోని వేంకటేశ్వరస్వామి ఆలయంలో 2025 నవంబరు 1న జరిగిన తొక్కిసలాటలో తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. మృతుల్లో అత్యధికులు మహిళలు. ఆనాడు కార్తీక శుద్ధ ఏకాదశి, పైగా శనివారం కావడంతో చుట్టుపక్కల మండలాల నుంచి జనం పోటెత్తారు. ఎక్కేవారూ దిగేవారూ ఒకే మెట్ల దారిలో ఎదురుపడగా, ఒత్తిడికి రెయిలింగ్ విరిగి, ఒకరిపై ఒకరు పడిపోయారు.

మృతుల ఆత్మలకు శాంతి చేకూరాలనీ, వారి కుటుంబాలకు భగవంతుడు మనోధైర్యం ప్రసాదించాలనీ కోరుతూ ఢిల్లీ నుంచి గ్రామస్థాయి వరకు ప్రకటనలు వెలువడ్డాయి. ఏకాదశి నాడు స్వామి సన్నిధిలో పోయినవారికి వైకుంఠప్రాప్తి కలుగుతుందన్న ఓదార్పు మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే. తల్లిని పోగొట్టుకున్న కూతురి పక్కన కూర్చుని పొరుగింటి పెద్దమ్మ ఆ మాట అంటే అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. ఆ ఇంటికి ఆ పూట అంతకన్న ఇవ్వగలిగింది కూడా లేదు. అయితే దారి వేయవలసినవారు, ఆ దారిని తనిఖీ చేయవలసినవారు అదే మాటను ఆశ్రయించి అంతా దైవనిర్ణయమని ఊరుకుంటే, తాము చేయవలసిన పనిని దేవుడి మీదికి నెట్టినట్టే అవుతుంది.

ఈ ధోరణి కాశీబుగ్గతో మొదలైంది కాదు. 2015 జులై 14న గోదావరి పుష్కరాల తొలి రోజున రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో 25 మందికి పైగా మరణించారు. తొలి ముహూర్తంలోనే స్నానం చేయాలన్న నమ్మకంతో, అనేక ఘాట్‌లున్నా జనం ఒక్కచోటికే తరలివచ్చారు. విచారణకు కమిషన్ వేశారు, పరిహారం ప్రకటించారు. పదేళ్లకు, 2025 జనవరి 8న, వైకుంఠద్వార దర్శన టోకెన్ల కోసం తిరుపతిలో వేచి ఉన్నవారిలో ఆరుగురు తొక్కిసలాటలో చనిపోయారు. ఆ ఏడాదే ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో, అంతకు కొద్దిరోజుల ముందే కట్టిన గోడ వర్షానికి క్యూలైన్ మీద కూలి ఏడుగురు మరణించారు. కాశీబుగ్గ ఆ ఏడాదిలోనే రాష్ట్రంలో మూడవది. ప్రతిసారీ సానుభూతికి లోటు లేదు; పరామర్శలు జరిగాయి, శాంతిపూజలూ జరిగాయి. ఒక ఆలయం పాఠం మరో ఆలయం మెట్ల దాకా చేరడం మాత్రం జరగలేదు.

ఇటువంటి మరణాలు ఎలా సంభవిస్తాయో తెలిస్తే, వాటిని ఆపడానికి ఏమి చేయాలో కూడా తెలుస్తుంది. తొక్కిసలాట అంటాం గానీ, చాలామంది కాళ్ల కింద నలిగి చనిపోరు. నాలుగు వైపుల నుంచీ ఛాతీ మీద పడిన ఒత్తిడికి ఊపిరి తీసుకోలేక చనిపోతారు. చదరపు మీటరుకు ఐదారుగురికి మించి చేరినప్పుడు ఎవరి అడుగు వారి అధీనంలో ఉండదు. వెనక ఉన్నవారికి ముందు జరుగుతున్నది తెలియదు కనుక నెట్టుతూనే ఉంటారు. అందుచేత భక్తుల తొందరపాటును నిందించడం అన్యాయమని నా అభిప్రాయం. లోపలికి ఒక దారి, బయటికి మరొక దారి, మనుషుల బరువును తట్టుకునే రెయిలింగ్, నిండగానే గేటు దగ్గరే ఆపగలిగే మనిషి ఉంటే ఆ తొందర ప్రాణాంతకం కాదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లోనే జనసమూహాల నిర్వహణపై మార్గదర్శకాలు వెలువరించింది. లోపించింది జ్ఞానం కాదు.

విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవానికి లక్షల్లో జనం వస్తారు. అక్కడ సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, మూడు లాంతర్ల దగ్గరి ఆలయం నుంచి కోట వరకు తిరుగుతుంది. ఉత్సవమే బయట వీధిలో జరుగుతుంది కనుక జనం దారి పొడవునా విస్తరించి నిలబడతారు, జిల్లా యంత్రాంగం ముందుగానే బారికేడ్లు, బందోబస్తు ఏర్పాటు చేసుకుంటుంది. అరసవల్లిలో రథసప్తమికి కూడా క్యూలైన్ల సన్నాహం ముందునుంచే సాగుతుంది. అక్కడ ఇబ్బందులే ఉండవని కాదు. కానీ జనం వస్తారని ముందే తెలిసి, ఆ బాధ్యత తమదని ఒప్పుకునే అధికారులు ఉంటారు.

కాశీబుగ్గ ఆలయం ప్రైవేటుది, దేవాదాయ శాఖ అజమాయిషీలో లేదు. ప్రమాదం జరిగిన వెంటనే ప్రభుత్వం చెప్పిన మాటల్లో ఇదీ ఒకటి. రాష్ట్రంలో ధార్మిక సంస్థలకు 1987 నాటి దేవాదాయ చట్టం ఉంది. అయినా సొంత స్థలంలో, సొంత ఖర్చుతో కట్టి భక్తులందరికీ తలుపులు తెరిచిన గుడిలో, పర్వదినాన ఎంతమందిని లోపలికి అనుమతించాలో ఎవరు నిర్ణయించాలన్నది ఆచరణలో తేలలేదు. కట్టేటప్పుడు ప్లాను చూడవలసిన స్థానిక సంస్థ, జనం కదలిక తెలిసే పోలీసులు, దేవాదాయ శాఖ, నిర్వాహకులు ఒకచోట కూర్చుని కార్తీకమాసం రాకముందే ప్రతి గుడి మెట్లూ, ద్వారాలూ కొలిచి చూస్తే ఆ అనిశ్చితి తొలగుతుంది. గుడి ప్రైవేటుదే కావచ్చు, అక్కడికి వెళ్లిన ఆడవాళ్లు మాత్రం ఈ జిల్లా ప్రజలు.