కెనడా ఆదివాసీ పిల్లల చర్చి బడులు: పాత ఫొటోలు, పాత పత్రికల మీద అపోహలు

సెప్టెంబరు 30 (ఈ బడుల బాధితుల్ని తలుచుకునే రోజు) దగ్గరపడితే కెనడాలో చదివే మన పిల్లలకు కూడా రెసిడెన్షియల్ స్కూళ్ల (ఆదివాసీ పిల్లల్ని ఇంటికి దూరంగా ఉంచి, ప్రభుత్వ డబ్బుతో చర్చిలు నడిపిన బడుల) మీద ప్రాజెక్టు పని పడుతుంది. అందులో అతికించే ఫొటోలు తరచూ అవే, కింద రాసే తప్పులూ అవే.

అపోహ: రెజైనా బడిలో చదివిన ఆదివాసీ పిల్లవాడు థామస్ మూర్ జంట ఫొటోలు 1874 నాటివి. బడిలో చేరినప్పుడు ఒకటి, చదువుకున్నాక ఒకటి తీశారు.

వాస్తవం: రెజైనా ఊరికి ఆ పేరు వచ్చిందే 1882లో. ప్రెస్బిటేరియన్ చర్చి అక్కడ నడిపిన ఇండస్ట్రియల్ స్కూలు (చేతిపనులు నేర్పే బడి) 1891లో తెరిచారు. ఇక 1874 ఎలా కుదురుతుంది? ఈ జంట అచ్చయింది ఇండియన్ అఫైర్స్ శాఖవారి (ఆదివాసుల వ్యవహారాలు చూసే కెనడా ప్రభుత్వ శాఖ) 1896 వార్షిక నివేదికలో. బడికి గ్రాంటు ఇచ్చే శాఖే తన పని సాగుతోందని చూపించుకోడానికి వేసిన బొమ్మలివి. మొదటిదాంట్లో పొడుగాటి జడలు, అలంకరించిన దుస్తులు, చేతిలో పిస్తోలు. బడిలో చేరే పసివాడి చేతికి పిస్తోలు ఎందుకొస్తుంది? రెండోదాంట్లో కత్తిరించిన జుట్టు, యూనిఫాం, పక్కన మొక్క. రెండూ సర్ది నిలబెట్టి తీసినవే. కాబట్టి ఏ ఫొటోకైనా ముందు మూడు చూడండి: ఎవరు తీయించారు, మొదట ఎక్కడ అచ్చయింది, ఆ ఏడాదికి ఆ బడి ఉందా.

అపోహ: పిల్లలు బల్లల ముందు బుద్ధిగా కూర్చున్నారు, చదువు బాగానే సాగినట్టుంది.

వాస్తవం: చాలా బడుల్లో 1950ల దాకా పాఠాలు సగం పూటే. మిగతా సగం పొలం, పశువులు, వంట, బట్టలుతకడం. పెద్ద సైజు స్కాన్ తెరిచి, మొహాల వెనకున్నదీ చూడండి. 1945లో సస్కాచెవాన్ రాష్ట్రంలోని లాక్ లా రోంజ్ ఆంగ్లికన్ బడిలో తీసిన ఫొటోలో నల్లబల్ల మీద రాసింది: ‘అబద్ధాలు ఆడరాదు’.

అపోహ: ఆ రోజుల్లో ఈ సంగతులు బయటివాళ్లకు తెలియవు.

వాస్తవం: అచ్చులోనే ఉన్నాయి. ఆ శాఖ వైద్యాధికారి డాక్టర్ పీటర్ బ్రైస్ 1907 నివేదికలో లెక్కలిచ్చిన 1,537 మంది పిల్లల్లో దాదాపు నాలుగోవంతు చనిపోయారు, ఎక్కువగా క్షయతో. గాలి ఆడని పడకగదులు, తలకింత చొప్పున వచ్చే గ్రాంటు కోసం జబ్బు పిల్లల్నీ చేర్చుకోవడం అందుకు కారణాలు. ఆ నవంబరు 15న ఒటావా ఈవెనింగ్ సిటిజెన్ పత్రిక దాన్ని పెద్ద శీర్షికతో వేసింది. అయినా 1920లో ఇండియన్ యాక్ట్ (ఆదివాసులకు వర్తించే చట్టం) సవరించి హాజరు తప్పనిసరి చేశారు. చదివినప్పుడల్లా కడుపు రగిలే వరస ఇది.

పాత పత్రికల్లో ‘రెసిడెన్షియల్ స్కూల్’ అని వెతికి ఏమీ లేదనుకోవద్దు. 1923కి ముందు వాడుక ‘ఇండస్ట్రియల్ స్కూల్’, ‘బోర్డింగ్ స్కూల్’. వాటికి ఊరి పేరు జోడించి, అగ్నిప్రమాదం, పారిపోయిన పిల్లలు, క్షయ అనే మాటలతో విడివిడిగా వెతకండి. మరణవార్తలు తరచూ లోపలి పేజీల్లో రెండు మూడు వాక్యాలే, పిల్లల పేర్లు కూడా లేకుండా ఉంటాయి.