లైవ్ ఆల్బమ్ అంటే ఆ రాత్రి జరిగింది జరిగినట్టేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

కచేరీలు రికార్డు చేసి, మిక్సింగ్ చేసి (అంటే ఆ శబ్దాలన్నీ సరిపాళ్లలో కలిపి) ఇవ్వడం నా పని. ఆ సంగతి తెలియగానే చాలామంది అడిగేది ఒకటే: "లైవ్ అని వేస్తారు గానీ, నిజంగా లైవేనా అండీ?" అవునంటే నమ్మరు. కాదంటే "నేను ముందే అనుకున్నా" అంటారు. అందుకని ఊరికే వాదించకుండా ఒక ఆల్బమ్‌ని ముందు పెట్టుకుని మాట్లాడతాను. అది 1969లో లాస్ వేగాస్ ఇంటర్నేషనల్ హోటల్లో అమెరికా రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పాడిన రికార్డు. అంతకుముందు ఆయన చేసిన చివరి కచేరీ 1961 మార్చి 25న, హవాయిలోని పెర్ల్ హార్బర్‌లో, ఓ స్మారకానికి విరాళాల కోసం. ఆ తర్వాత ఎనిమిదేళ్లపాటు సినిమాలే సినిమాలు.

అపోహ: తిరిగి స్టేజీ ఎక్కిన తొలి రాత్రినే రికార్డు చేశారు.

ఎక్కువమంది నమ్మేది ఇదే. తొలి ప్రదర్శన జులై 31న, ఆహ్వానితుల ముందు జరిగింది. ఆగస్టు 1 నుంచి 28 దాకా రాత్రికి రెండేసి ఆటలు, ఒకటి భోజనాల వేళ, ఇంకొకటి అర్ధరాత్రి. మొత్తం 57. ఆర్‌సీఏ అనే రికార్డు కంపెనీ టేపులు తిప్పింది మాత్రం ఆగస్టు 21 అర్ధరాత్రి ఆట నుంచి 26 దాకా, 11 ప్రదర్శనలకి. అంటే సీజన్ మొదలైన మూడు వారాలకు.

మా రికార్డింగ్ వాళ్లెవరైనా అదే చేస్తారు. తొలి రాత్రి గాయకుడికి గుండె దడ, ఏ పాట తర్వాత ఏ పాట నప్పుతుందో ఇంకా తేలదు, ఇంజినీరుకి హాలు అలవాటు కాదు. ఎల్విస్‌కి ఇంకో భయం కూడా ఉండి ఉండాలి. 1956లో ఇదే ఊళ్లో, న్యూ ఫ్రాంటియర్ హోటల్లో పాడితే జనం పెద్దగా పట్టించుకోలేదు. మూడు వారాలు ఆడాక డ్రమ్మరు రాన్నీ టట్‌కి, గిటారిస్టు జేమ్స్ బర్టన్‌కి ఆయన ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ మళ్లీ ఎత్తుకుంటాడో ముందే తెలిసిపోతుంది. నిజానికి ఈ రికార్డులో నాకు వినపడే ధైర్యంలో సగం ఆ అలవాటుదే.

అపోహ: టీవీ ప్రోగ్రామూ ఇదీ ఒకటే.

కాదు. ఎల్విస్ నల్ల తోలు దుస్తుల్లో కనిపించే ఎన్‌బీసీ టీవీ కార్యక్రమాన్ని 1968 జూన్‌లో బర్‌బాంక్‌ స్టూడియోలో చిత్రీకరించారు, డిసెంబర్ 3న అది ప్రసారమైంది. ఆ స్టూడియోలోనూ ప్రేక్షకులు ఉన్నారు. కానీ టీవీ వాళ్లు పిలిస్తే వచ్చి కూర్చున్నవాళ్లు వేరు, డబ్బు పెట్టి బల్ల బుక్ చేసుకుని రెండువేల మంది పట్టే హాల్లో భోంచేస్తూ ఎదురు చూసేవాళ్లు వేరు. వేగాస్ అనగానే గుర్తొచ్చే రాళ్లు పొదిగిన తెల్ల జంప్‌సూట్ కూడా అప్పటికి లేదు, అవి తర్వాతి ఏళ్లవి.

అపోహ: చప్పట్లు వినపడితే లైవే.

1963లో చెస్ అనే రికార్డు కంపెనీ రాక్ గాయకుడు చక్ బెర్రీ పేరు మీద స్టేజీ ఆల్బమ్ ఒకటి తెచ్చింది. స్టూడియోలో ఎప్పుడో పాడిన పాటల మీద జనం గోల అతికించారు, అంతే. ఆ ఏడాది అక్టోబర్ దాకా ఆయన జైల్లో ఉన్నాడు మరి! ఇది పచ్చి మోసం, ఇందులో వాదన లేదు.

కంట్రీ గాయకుడు జానీ క్యాష్ సంగతి అంత తేలిగ్గా తేల్చలేం. 1968 జనవరి 13న ఫోల్సమ్ జైల్లో ఖైదీల ముందు ఒకే రోజు రెండుసార్లు పాడాడు. పాట, జనం, జైలు అన్నీ నిజం. కానీ 'రీనోలో ఒకణ్ని కాల్చాను' అనే అర్థం వచ్చే చరణం దగ్గర వినపడే ఆ కేక తర్వాత ఎడిటింగ్‌లో కలిపింది. చుట్టూ కాపలా ఉన్నప్పుడు ఖైదీలు ఆ మాటకి కేకలేస్తారా? ఆ ఆల్బమ్ నాకు చాలా ఇష్టం. అయినా ఆ ఒక్క కేక నాకు నచ్చదు. వాళ్లు ఊరుకుని ఉంటే ఆ ఊరుకోవడమే వినిపించాల్సింది.

అపోహ: తప్పులన్నీ తర్వాత స్టూడియోలో సరిచేసేస్తారు.

ఇప్పుడు చేయొచ్చు. హైదరాబాద్‌లో అయినా న్యూజెర్సీలో అయినా మన సినిమా పాటల షోలో గాయనీ గాయకుల చెవుల్లో ఇయర్ మానిటర్లు, డ్రమ్మరు చెవిలో తాళం చెప్పే క్లిక్ శబ్దం, ఒక్కో వాయిద్యానికీ ఒక్కో ట్రాక్. పాటలో ఒక లైను మళ్లీ పాడించి అతికిస్తే కనిపెట్టడం కష్టం. టీవీలో వచ్చే షోలకి ఇలాంటి ప్యాచింగ్ కొంచెమో గొప్పో జరుగుతుంది, అందులో సిగ్గుపడాల్సిందీ లేదు.

1969 నాటి స్టేజీ మీద అది అంత సులువు కాదు. ఎల్విస్ చేతిలో వైరున్న మైకు, వెనక డ్రమ్స్, ఆ పక్కన ఆర్కెస్ట్రా, ఇంపీరియల్స్, స్వీట్ ఇన్‌స్పిరేషన్స్ అనే రెండు కోరస్ బృందాలు. గొంతు మైకులోకి డ్రమ్స్ కూడా వచ్చి పడతాయి. దాన్ని మేం లీకేజీ అంటాం. ఆ గొంతుని తీసి స్టూడియోలో పాడించింది పెడితే, ఆ లైను వరకు డ్రమ్స్ ధ్వని కూడా మారిపోతుంది. చెవున్నవాడికి వెంటనే దొరికిపోతుంది. అందుకే అప్పటివాళ్లు సరిదిద్దడం కన్నా ఏరుకోవడాన్నే నమ్ముకున్నారు. ఆల్బమ్‌లోని 12 పాటలు ఒకే ఆటలోవి కావు, వేర్వేరు ఆటల్లోంచి బాగా వచ్చినవి తీసి వరుస పెట్టినవి. స్టేజీ మీద ఆయన తన జీవితం గురించి చెప్పుకున్న కబుర్లు పక్కకు పోయాయి.

అపోహ: జనం ముందు రెండు మైకులు పెడితే హాలంతా వచ్చేస్తుంది.

వస్తుంది, ఆలస్యంగా. గాల్లో శబ్దం మీటరు దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. స్టేజీకి 15 మీటర్ల దూరంలో మైకు పెట్టారనుకోండి, అందులో డ్రమ్ము దెబ్బ 45 మిల్లీసెకన్లు వెనకబడి ఉంటుంది. పాట నడుస్తుండగా ఆ మైకు ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) ఎత్తితే ప్రతి దెబ్బా రెండుసార్లు కొట్టినట్టు చెదిరిపోతుంది. చప్పట్లప్పుడు ఎత్తి, పాట అందుకోగానే దించాలి. 1964 ఏప్రిల్ 5న జర్మనీలోని హాంబర్గ్ స్టార్ క్లబ్‌లో పియానో వాయిస్తూ పాడే రాక్ గాయకుడు జెర్రీ లీ లూయిస్ పాడినప్పుడు మైకుల్ని వాయిద్యాలకు వీలైనంత దగ్గరగా పెట్టారు. పెళ్లి గొడవతో పేరు పోగొట్టుకున్న మనిషి, వెనక నాష్‌విల్ టీన్స్ అనే ఇంగ్లండు కుర్రాళ్ల బ్యాండు, రికార్డింగుకి దొరికింది ఒకే ఒక్క రాత్రి. అయినా ఆ పియానో మన ఒళ్లో పెట్టి వాయించినట్టుంటుంది. చాలా రాత్రులు టేపు తిప్పి ఏరుకునే పద్ధతి గురించి పైన అన్నాను గదా, దానికి ఇదో మినహాయింపు.

అపోహ: కంటికి కనపడేది రికార్డులోకి రాదు.

ఎల్విస్ ఆల్బమ్‌లో 'సస్పీషియస్ మైండ్స్' హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. స్టూడియోలో నాలుగున్నర నిమిషాల లోపే అయిపోయిన పాట ఇక్కడ ఏడున్నర నిమిషాలు దాటుతుంది. చివర ఒకటే పల్లవి, తగ్గుతూ లేస్తూ. గొంతు లేని చోట, తాళానికి అవసరం లేని చోట టట్ కొట్టిన సింబల్ ఠంగుమంటుంది, టామ్ డ్రమ్ములు దబదబలాడతాయి. అది పాటకి కాదు, భుజం విసురుకి, కరాటే తరహా చేతి దెబ్బకి కొట్టినది. మనిషి ఆయాసం కూడా వినపడుతుంది. దాన్ని తుడవకుండా వదిలేసినవాడికి నా దండం.

అపోహ: ఆల్బమ్‌లో పెట్టలేదంటే అది పనికిరానిదే.

ఆగస్టు 26 అర్ధరాత్రి ఆటలో 'ఆర్ యూ లోన్సమ్ టునైట్' పాడుతూ ఎల్విస్ ఒక చరణాన్ని బట్టతల మీద జోకుగా మార్చాడు. తన జోక్‌కి తనే నవ్వాడు. నవ్వు ఆగలేదు, పాట సగం ఎగిరిపోయింది. వెనకాల పైస్థాయిలో పాడుతున్న ఆడగొంతు మాత్రం ఏమీ జరగనట్టు కొనసాగింది, దాంతో ఆయనకి ఇంకా నవ్వు. 1969 ఆల్బమ్‌లో తిన్నగా పాడిన ఇంకో టేకు పెట్టారు, ఆ నిర్ణయం తప్పనను. నవ్వుల టేకు 1980లో ఓ పెద్ద సెట్‌లో బయటికొచ్చింది, 1982లో బ్రిటన్ చార్టుల్లోకి కూడా ఎక్కింది.

2019లో ఆ 11 ప్రదర్శనలూ 11 సీడీల సెట్‌గా వచ్చాయి. అన్నీ వినే ఓపిక లేకపోతే ఆగస్టు 26 రెండు ఆటలూ తీసుకోండి. ఒకే పాటని భోజనాల వేళ ఎలా పాడాడో, అర్ధరాత్రి ఎలా పాడాడో పక్కపక్కన పెట్టుకుని వినండి.