బాదం పాలు, ఓట్స్ పాలు, గేదె పాలు: అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈమధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లలో పాల గురించి అడగనివాళ్లు తక్కువ. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసే పిల్లలు పండక్కి వచ్చి, "ఇక గేదె పాలు మానెయ్యమ్మా, ఇవి తాగు" అని ఓట్స్ పాల డబ్బాలు కొనిచ్చి వెళ్తారు. ఆ డబ్బా సంచిలో పెట్టుకుని అమ్మ నా దగ్గరికి వస్తుంది. నాన్నగారేమో "అవన్నీ కెమికల్సు" అని తేల్చేసి ఉంటారు. ఎవరిది తప్పో చెప్పేముందు నేను డబ్బా వెనక్కి తిప్పి పోషకాల పట్టిక చూస్తాను.

అపోహ: కాల్షియం కలిపారు కాబట్టి ఏ మొక్కల పాలైనా ఆవు పాలతో సమానమే.

కాల్షియం వరకు చాలా డబ్బాల విషయంలో నిజమే. ఆవు పాలలో 100 మి.లీ.కి సుమారు 120 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. ఫోర్టిఫైడ్ పాలు, అంటే పోషకాలు విడిగా కలిపిన పాలు, తయారుచేసేవాళ్లు కూడా ఎక్కువగా ఆ లెక్కకే కలుపుతారు. అలా కలిపిన కాల్షియం ఒంటికి పట్టదన్న మాట కూడా సరికాదు. సోయా పాలలో కాల్షియం కార్బోనేట్ రూపంలో కలిపితే దాదాపు ఆవు పాలలోని కాల్షియంలాగే పడుతుంది. కాకపోతే అది డబ్బా అడుగుకు చేరుతుంది. బాగా గిలకొట్టకుండా పోసుకుంటే పైన తేట మీకు, అడుగున కాల్షియం చెత్తబుట్టకు.

తేడా వచ్చేది ప్రోటీన్ దగ్గర. కాల్షియం, విటమిన్ డి, బి12 కలుపుతారు గానీ ప్రోటీన్ కలిపేవాళ్లు తక్కువ. 200 మి.లీ. గ్లాసు ఆవు పాలలో ఆరు గ్రాములకు పైగా ప్రోటీన్ ఉంటుంది, గేదె పాలలో ఏడు దాటుతుంది. సోయా పాలు ఆరు దాకా ఇచ్చి దగ్గరగా వస్తాయి, ఆ ప్రోటీన్ నాణ్యత కూడా మంచిదే. ఓట్స్ పాలలో రెండు గ్రాముల లోపు, బాదం పాలలో ఒక గ్రాము అటూ ఇటూ. లేబుల్ మీద బాదం 3 శాతం అని ఉంటే గ్లాసుకు 6 గ్రాములు, అంటే ఐదు పలుకులు. మిగతాదంతా దాదాపు నీళ్లే. ఆ ఐదు పలుకులు నానబెట్టుకుని తింటే పీచు కూడా దక్కుతుంది.

పప్పు, గుడ్డు, చేప రోజూ తినే ఇంట్లో ఈ లోటు పెద్దగా తెలియదు. రెండు పూటలా అన్నం, రసం, పచ్చడితో సరిపెట్టుకునే పెద్దవాళ్లకు పాలు, పెరుగే ముఖ్యమైన ప్రోటీన్. వాళ్ల చేత పాలు మాన్పించి బాదం పాలు పట్టిస్తే మంచి చేసినట్టు కాదు.

అపోహ: ఇంట్లో చేసుకున్న బాదం పాలు, రాగి పాలు ఇంకా మంచివి.

రుచికి మంచివే. ఫోర్టిఫైడ్ డబ్బాలో ఉండే కాల్షియం, బి12 మాత్రం వీటిలో ఉండవు. మనం కలపలేదు కదా! రాగుల్లో 100 గ్రాములకు 350 మి.గ్రా. అటూ ఇటూ కాల్షియం ఉన్న మాట నిజం. అయితే అందులో చాలా భాగం పైపొట్టులోనే ఉంటుంది. నానబెట్టి, రుబ్బి, గుడ్డలో వడకట్టి పాలు తీస్తే పొట్టు పిప్పితో పాటు పోతుంది. దానికంటే సంగటో, వడకట్టని జావో మేలు. నువ్వులుండ, ముల్లుతో సహా నమిలే ఎండు నెత్తళ్లు కూడా కాల్షియానికి మంచివే. బీపీ ఉన్నవాళ్లు ఎండు చేపల్లో ఉప్పు సంగతి చూసుకోవాలి.

పెద్దవాళ్లకు రోజుకు 1000 మి.గ్రా. కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 సిఫారసు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన కుటుంబాలకు ఈ మాట ఇంకా గట్టిగా చెప్తాను. ఆహారంలో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ ఎముకలకు చేసే హాని పెరుగుతుంది. ఆ ఇళ్లలో పాలు మానేస్తే, ఆ కాల్షియం ఇంకెక్కడి నుంచి వస్తుందో ముందే చూసుకోవాలి.

అపోహ: బజారులో అమ్మే బాదం పాలు, డబ్బాలో వచ్చే బాదం పాలు ఒకటే.

సాయంత్రం బండి దగ్గర కుంకుమ రంగులో ఇచ్చేవి మామూలు పాలే. వాటిలో చక్కెర, కాస్త బాదం పొడి వేస్తారు. పాలు అరగనివాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఇవి ఆరోగ్యమనుకుని తాగుతుంటారు.

అపోహ: ఒంగోలు ఆవు పాలైతే పాలు పడనివాళ్లకూ పడతాయి.

ఇది మన ఊరి అభిమానం. ఒంగోలు జాతికి దుక్కిలో, బండలాగుడులో ఎంత పేరున్నా పాల దిగుబడిలో అంత పేరు లేదు. మన ఇళ్లకు చేరేవి ఎక్కువగా గేదె పాలు, లేదంటే సంకరజాతి ఆవు పాలు. ఒంగోలు ఆవువి ఏ2 పాలు కాబట్టి పడతాయంటారు. ఏ1, ఏ2 అనేవి పాలలోని ఒక ప్రోటీన్‌లో రకాలు. ఏ2 గేదె పాలలోనూ ఉంటుంది. పాలు తాగగానే కడుపు ఉబ్బరం, విరేచనాలు అయ్యేది సాధారణంగా లాక్టోజ్ అనే చక్కెర వల్ల. అది ఏ ఆవు పాలలోనైనా ఉంటుంది. 2024 ఆగస్టులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఈ ఏ1, ఏ2 మాటలు ప్యాకెట్ల మీద నుంచి తీసెయ్యమని చెప్పి, కొద్ది రోజులకే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. అందుకే ఆ ప్రకటనలు ఇంకా కనిపిస్తున్నాయి.

లాక్టోజ్ పడనివాళ్లలో చాలామందికి పెరుగు, మజ్జిగ ఇబ్బంది చెయ్యవు. అవీ పడకపోతే ఫోర్టిఫైడ్ సోయా పాలు నా మొదటి సలహా. పాల ప్రోటీన్‌కు అలర్జీ వేరే సంగతి. ఆవు పాలకు దద్దుర్లు వచ్చే పిల్లలకు గేదె పాలు కూడా సాధారణంగా పడవు. సోయా కూడా పడని పిల్లలుంటారు కాబట్టి డాక్టర్‌ని అడగకుండా ఏదీ మొదలుపెట్టకండి.

అపోహ: ఇంటికొచ్చి పోసే చిక్కటి పాలలో అన్నీ ఉంటాయి.

ప్రోటీన్, కాల్షియం, బి12 ఉంటాయి, నీళ్లు కలపకపోతే. విటమిన్ డి దాదాపు ఉండదు. ఫోర్టిఫైడ్ అని తెలిపే ప్లస్ ఎఫ్ (+F) గుర్తున్న ప్యాకెట్ పాలలో లీటరుకు 5 నుంచి 7.5 మైక్రోగ్రాముల విటమిన్ డి కలుపుతారు. మనకు రోజుకు కావలసింది 15. గ్లాసు తాగితే మహా అయితే పదో వంతు వస్తుంది, అంతే. గేదె పాలలో కొవ్వు కూడా ఎక్కువే, గ్లాసుకు 13 గ్రాముల దాకా. గుండె జబ్బు ఉన్నవాళ్లు టోన్డ్ పాలకు మారితే చాలు, డబ్బా పాల దాకా వెళ్లక్కర్లేదు.

అపోహ: చక్కెర కలపలేదని రాసుంటే ఓట్స్ పాలు షుగర్‌కు మంచివి.

ఓట్స్ పాలు చేసేటప్పుడు ఎంజైములు వేసి పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా విడగొడతారు. చాలా రకాలకు ఆ తీపి అక్కడిదే. పట్టికలో మొత్తం చక్కెర ఎంతో చూడండి.

అపోహ: పసిబిడ్డకు ఆవు పాలు పడకపోతే బాదం పాలు పట్టొచ్చు.

వద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలే. ఏడాది లోపు ఆవు పాలనే ప్రధాన పాలుగా పట్టకూడదు, మొక్కల పాలు అసలే కుదరవు. తల్లిపాలు చాలకపోతే ఏం పట్టాలో పిల్లల డాక్టర్ చెప్తారు. డాక్టర్ రాసే సోయా ఫార్ములా వేరు, కొట్లో దొరికే సోయా పాలు వేరు.

అపోహ: థైరాయిడ్ ఉన్నవాళ్లు సోయా ముట్టకూడదు, పాలైతే ఫరవాలేదు.

టాబ్లెట్ ఒంట్లోకి సరిగ్గా చేరకుండా సోయా అడ్డుపడుతుంది. కాల్షియమూ అదే పని చేస్తుంది, అది పాలలోదైనా, డబ్బాలో కలిపినదైనా. టాబ్లెట్ పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగి కాఫీ తాగండి. సోయా పాలైతే ఇంకా ఆలస్యంగా, సాయంత్రానికి పెట్టుకోండి. కాల్షియం మాత్ర వేసుకునేవాళ్లు రెంటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉంచాలి.