పేరు లేని యూనిక్స్

తిరుపతిలో ఎవరింట్లోనైనా బూంది దూసి, పాకం పట్టి, జీడిపప్పు, యాలకులు వేసి లడ్డూలు చుట్టుకోవచ్చు. డబ్బా మీద 'తిరుపతి లడ్డు' అని రాసి అమ్మడం మాత్రం కుదరదు. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ పేరు దేవస్థానానిదే. యూనిక్స్ సంగతీ ఇంతే.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన, కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ అది. ఇప్పుడా పేరు ఓపెన్ గ్రూప్ అనే సంస్థ ట్రేడ్‌మార్క్. పరీక్షలు పాసై, ఫీజు కట్టినవాళ్లే ఆ పేరు వాడుకోవాలి. ఆపిల్ మ్యాక్ 2007లో ఆ ముద్ర వేయించుకుంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ అనే మూల ప్రోగ్రామ్ మీద నడిచే ఉబుంటు, డెబియన్ అనే సిస్టమ్‌లకు ఆ ముద్ర లేదు. అయినా పాత యూనిక్స్ తెలిసినవాణ్ని వాటి ముందు కూర్చోబెడితే తడుముకోడు.

ఎందుకంటే రుచంతా పని పంచుకునే తీరులో ఉంది. పెళ్లి వంటల్లో బూంది దూసేవాళ్లకు లడ్డూ చుట్టేవాళ్ల పని పట్టదు; గిన్నె పక్కకు జరిపితే చాలు. పెళ్లి పిలుపుల ఫైల్లో చిత్తూరు వాళ్లెందరో తెలియాలనుకోండి. గ్రెప్ అనే చిన్న ప్రోగ్రామ్ 'చిత్తూరు' ఉన్న వరుసల్ని ఏరుతుంది, డబ్ల్యూసీ అనే ఇంకో ప్రోగ్రామ్ వాటిని లెక్కపెడుతుంది. రెంటికీ ఒకదాని గురించి ఒకదానికి తెలియదు. మధ్యలో గిన్నె జరిపే ఒక నిలువు గీత, అంతే. దాని పేరు పైప్. బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసే డగ్ మెకిల్‌రాయ్ ఏళ్ల తరబడి పోరితే, 1973లో థామ్సన్ ఒక్క రాత్రిలో రాసి పెట్టాడు.

గిన్నె ఏ చేతికైనా పట్టాలి కదా. అందుకే కీబోర్డయినా, డిస్కయినా, ప్రింటరయినా యూనిక్స్‌కు ఫైలే: తెరువు, చదువు, రాయి, మూసెయ్. (నెట్‌వర్క్ దగ్గర ఈ మాట కాస్త జారుతుందనుకోండి.)

1988లో పాజిక్స్ అనే ప్రమాణం ఈ పద్ధతుల్ని కాగితం మీద పెట్టింది. 1993 నాటి విండోస్ ఎన్‌టీలోనూ పాజిక్స్ భాగం ఉండేది. అయినా ఎన్‌టీని యూనిక్స్ అన్నవాళ్లను నేను చూడలేదు.

మన ఫోన్లలోని ఆండ్రాయిడ్‌కు అడుగున ఉన్నది లినక్సే. కానీ ఒక యాప్ సొంత ఫైళ్లు ఇంకో యాప్‌కు కనిపించవు, గిన్నెలు చేతులు మారవు. దాన్ని యూనిక్స్ లాంటిది అనడానికి నాకు నోరు రాదు. ఫోన్లో ఇలాంటి కమాండ్లు కొట్టుకోనిచ్చే టెర్మక్స్ అనే యాప్ వేసుకుని గ్రెప్ అని కొట్టినప్పుడు మాత్రం కొంచెం మెత్తబడతాను.