మాన్‌స్ప్లెయినింగ్: ఈ మాట వెనుక కథ

ఆఫీసు మీటింగుల గురించో, ఫేస్‌బుక్ కామెంట్ల గురించో చెప్పుకునేటప్పుడు మన అమ్మాయిల నోట ఈమధ్య వినిపిస్తున్న మాట మాన్‌స్ప్లెయినింగ్. మాన్ అంటే మగవాడు, ఎక్స్‌ప్లెయినింగ్ అంటే వివరించడం, ఆ రెండూ కలిపిన ఇంగ్లిషు మాట ఇది. విషయం బాగా తెలిసిన మనిషికే, ఆడది కాబట్టి తెలియదని ముందే అనేసుకుని, అడగకుండానే మగవాడు పాఠం చెప్పడం. తాతకు దగ్గులు నేర్పినట్టు అన్న సామెత మనకెప్పటి నుంచో ఉంది. కానీ అందులో చెప్పేవాడి అతి తెలివే కనిపిస్తుంది. ఎదుటి మనిషికి ఏమీ తెలియదన్న నమ్మకం అతనికి ఎక్కడి నుంచి వచ్చిందో కనిపించదు.

దీని మూలం 2003లో అమెరికాలోని ఆస్పెన్ దగ్గర జరిగిన ఒక విందు. పరుగెత్తే గుర్రాన్ని 1878లో వరసగా ఫొటోలు తీసిన ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ మీద రచయిత్రి రెబెకా సోల్నిట్ ఆ ఏడాదే పుస్తకం ప్రచురించారు. ఏం రాస్తుంటారని అడిగిన ఇంటి యజమాని, మైబ్రిడ్జ్ పేరు వినగానే అడ్డొచ్చి, ఆయన మీద ఈ ఏడాది ముఖ్యమైన పుస్తకం వచ్చింది తెలుసా అంటూ మొదలుపెట్టాడు. అది ఈమె పుస్తకమేనని పక్కనున్న స్నేహితురాలు మూడు నాలుగుసార్లు చెబితే గానీ అతని చెవికెక్కలేదు. తీరా చూస్తే అతను చదివింది పుస్తకం కాదు, పత్రికలో వచ్చిన సమీక్ష.

2008 ఏప్రిల్‌లో సోల్నిట్ దీన్ని వ్యాసంగా రాశారు. అందరికీ గుర్తుండిపోయింది ఈ విందు కథే. నాకు మాత్రం అదే వ్యాసంలోని ఇంకో సంఘటన ముఖ్యం. తమ పక్కింటావిడ ఒంటిమీద బట్టల్లేకుండా బయటికి పరుగెత్తుకొచ్చి, మొగుడు తనను చంపబోతున్నాడని అరిచిందని ఒక అణు శాస్త్రవేత్త తమాషాగా చెప్పాడట. అతను నిజంగా చంపబోలేదని మీకెలా తెలుసని సోల్నిట్ అడిగితే, వాళ్లు మర్యాదస్తులని ఓపిగ్గా వివరించాడు. ఆడవాళ్ల మాటను ఎవరు నమ్ముతారన్నదే ఆ వ్యాసంలోని అసలు ప్రశ్న. విందులో ఎదురైన చిన్న అవమానానికీ, ఆ పక్కింటావిడ గతికీ మూలం ఒకటే.

మాన్‌స్ప్లెయినింగ్ అన్న మాటను సోల్నిట్ పుట్టించలేదు. వ్యాసం వచ్చిన ఏడాదే ఇంటర్నెట్ చర్చల్లో అది పుట్టింది. మగవాళ్లందరినీ ఒకే గాటన కడుతుందేమోనని మొదట్లో ఆమే సందేహించారు. తమ అనుభవానికి ఇన్నాళ్లూ పేరు లేదని, ఈ మాట ఎంత అవసరమో చూడమని అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో ఒక పరిశోధక విద్యార్థిని అన్నాక ఆమె ఆలోచన మారింది.

పేరు పెట్టుకోవడం ఎంత దూరం తీసుకెళ్తుందో అంతకుముందే తెలిసింది. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో పై అధికారి వేధింపులు భరించలేక కార్మిటా వుడ్ ఉద్యోగం మానేస్తే, ఆమెకు నిరుద్యోగ భృతి ఇవ్వలేదు. 1975లో ఆమె కోసం కూడిన ఆడవాళ్లు ఆ బాధకు లైంగిక వేధింపు అని పేరు పెట్టుకున్నారు. మన దేశంలో అదే పేరుతో పనిచేసే చోట ఆడవాళ్ల రక్షణ కోసం 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు, 2013లో చట్టం వచ్చాయి.

మాన్‌స్ప్లెయినింగ్‌కు చట్టాలేమీ రాలేదు, రానక్కర్లేదు కూడా. ఆస్ట్రేలియాకు చెందిన మాక్వారీ నిఘంటువు 2014లో దీన్ని ఆ ఏటి మాటగా ఎంచుకుంది. 2018కి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులోనూ చేరింది. 2016లో స్వీడన్‌లో యూనియనెన్ అనే ఉద్యోగ సంఘం ఇలాంటి ఫిర్యాదులు వినడానికి వారంపాటు ఫోన్ లైన్ నడిపితే, ఇది మగవాళ్లందరికీ అవమానమని కొందరు కోప్పడ్డారు.

ఆ కోపంలో కొంత న్యాయం ఉంది. మగవాడు ఏం వివరించినా ఈ ముద్ర వేయడం తప్పే. తెలిసినవాడు, అడిగితే చెప్పడం మాన్‌స్ప్లెయినింగ్ కాదు. 2016లోనే నాసా వ్యోమగామి జెస్సికా మీర్, 63 వేల అడుగుల ఎత్తును పోలిన పీడనంలో నీళ్లు వాటంతటవే మరుగుతున్న వీడియో పెట్టారు. వాటంతటవే అనకూడదంటూ ఒక అపరిచితుడు ఆమెకే భౌతికశాస్త్రం చెప్పబోయాడు. మాట సరిగ్గా అతికేది ఇలాంటి చోట.